ఊపని చెయ్యి

ఆ అమ్మాయి కాళ్ళలో బలం తక్కువైందా, తన కొలతలో న్యాయం తక్కువైందా? ఈ సందేహం గురుప్రసాద్‌ను నాలుగేళ్ళుగా వదలలేదు. పొద్దున్నే దీపం వెలిగించి కళ్ళు మూసుకున్నా దేవుడికి బదులు ఆ గోడే కనిపించేది.

2003లో చిక్కబళ్ళాపురం మైదానంలో వాలీబాల్ జట్టు ఎంపిక. అమ్మాయిలు వేళ్ళకు నీలిమందు అద్దుకుని, గోడ పక్కన నిలబడి చెయ్యి చాచి ఒక గుర్తు, ఎగిరి ఇంకో గుర్తు పెట్టాలి. కొలిచేది గురుప్రసాద్. పైకెత్తిన చెయ్యి దించకూడదు, ఊపకూడదని అతనే రూలు చెప్పాడు.

"చెయ్యి ఊపకుండా వాలీబాల్ ఎవురు ఆడతారు సార్?" అంది చింతామణి ఊరి నుంచి వచ్చిన రక్షిత. అయినా అలాగే ఎగిరింది. రెండు గుర్తుల మధ్య ముప్ఫై ఏడు సెంటీమీటర్లు. కావలసింది నలభై.

మధ్యాహ్నం మబ్బు కమ్మింది. ఎవరికి అలవాటైనట్టు వాళ్ళను ఎగరనిచ్చి తొందరగా ముగించమన్నారు పెద్ద కోచ్. మిగిలినవాళ్ళంతా చేతులు ఊపి ఎగిరి నలభై దాటారు. పొద్దున ఎగిరినవాళ్ళను మళ్ళీ పిలవాలని గురుప్రసాద్‌కు తోచింది. వాన మొదలైంది. పిలవలేదు.

2007లో అతను బాగేపల్లిలో పి.టి. మేష్ట్రు. చింతామణిలో జరిగిన స్కూలు క్రీడల్లో కొలత పనికి తోడుగా వచ్చిన టీచరమ్మ రక్షితే. ప్రతి పిల్లనూ ఒకే తీరుగా ఎగిరించాలని పట్టుబట్టింది. టేపు వంకరగా పట్టుకున్నాడని అతన్ని ఆటపట్టించింది. ఆ తర్వాత ప్రతి ఆదివారం అతనికి చింతామణి బస్సులోనే పని పడింది. అతని తల్లి లక్ష్మీదేవమ్మ సంబంధం మాట కదిపింది. ఆ మాట ముదిరేలోపు నిజం చెప్పకపోతే తాళి కట్టే అర్హత తనకు లేదనుకున్నాడు.

ఒక ఆదివారం వానకు ఇద్దరూ చింతామణి బస్టాండులో నిలబడ్డారు.

"ఒక మాట చెప్పాల రక్షితా."

"పెండ్లి మాటైతే మా నాయనతో చెప్పండి సార్. ఎగిరే మాటైతే నాతో చెప్పండి."

"ఎగిరే మాటే."

అంతా విని ఆమె అతని వైపు తిరిగింది.

"నీ కాళ్ళు ఇంతే పాపా అని మా నాయన అప్పుడే ఆట మాన్పించినాడు. నాకు చెప్తే చాలదు సార్. ఆయనకు చెప్పాల."

రక్షిత నాయన పిళ్ళప్పకు టమోటాలు వేలం వేసే మండీ ఉంది. గురుప్రసాద్ రక్షిత వెంట తడుస్తూనే వెళ్ళి చేతులు కట్టుకుని చెప్పాడు. పిళ్ళప్ప ముఖం ముడుచుకుంది. చెయ్యి ఊపినంత మాత్రాన అంత తేడా వస్తుందా అన్నాడు.

రక్షిత కొంగు దోపుకుని, వేళ్ళు వాన నీళ్ళలో తడుపుకుని మండీ గోడ దగ్గర నిలబడింది. ఒకసారి చెయ్యి పైకెత్తి పెట్టుకుని ఎగిరింది. ఇంకోసారి రెండు చేతులూ ఊపి ఎగిరింది. రెండో తడి గుర్తు మొదటిదానికంటే బెత్తెడు పైన పడింది.

పిళ్ళప్ప దాన్ని తన వేళ్ళతో మళ్ళీ కొలుచుకున్నాడు.

"నీ కాళ్ళు బాగుండాయి పాపా. నేనే తప్పు మాటంటిని" అన్నాడు. ఇటు తిరిగి, "ఈ మాట మాకు నాలుగేండ్ల కిందటే చెప్పాల్సింది గదప్పా. ఇప్పుడన్నా చెప్తివి. కూర్చో" అని బెంచీ చూపించాడు.

గురుప్రసాద్ కూర్చున్నాడు. తువ్వాలు అందిస్తూ రక్షిత, "ఇంక సార్ అనేది మానేస్తా" అంది.