మాట్లాడని లారీ

2069 నాటికి మారేడుమిల్లి ఘాట్‌లో హారన్ వినిపించడం మానేసింది. ఒక ఉదయం కొండచరియ విరిగిపడి, రోడ్డు ఒక్క బండి పట్టేంతే మిగిలింది. అటూ ఇటూ కలిపి నలభై లారీలు మూడు గంటలుగా చప్పుడు లేకుండా నిలబడి ఉన్నాయి. వాటన్నిటిలో మనిషి ఉన్నది ఒక్కదానిలోనే; మిగతావి తమంతట తామే నడిచేవి.

కొప్పిశెట్టి వీరభద్రం స్టీరింగ్ మీద వేళ్లతో దరువేశాడు. దిగాడు. మళ్లీ ఎక్కాడు. ఇరవై ఆరేళ్ల పరిశోధన ఉద్యోగం వదిలి, కుర్రతనంలో నడిపిన లారీ సీట్లోకి తిరిగొచ్చి అది ఐదో రోజు. నడుం పట్టేసింది కానీ చేతులు మలుపులను మరిచిపోలేదు. అదే పదివేలు అనుకున్నాడు.

ఆ లారీలన్నీ వాడుతున్న 'దారిమాట' అతను కనిపెట్టిందే. ఇరుకులో రెండు లారీలు ఎదురైతే రేడియో తరంగాల మీద ఒకదాన్నొకటి అడుగుతాయి: నీ సరుకు ఎంత అవసరం? తక్కువ అవసరం ఉన్నది ఒదుగుతుంది. పదేళ్లు చక్కగా నడిచింది. ఈ ఏడాది మాత్రం ఘాట్లన్నీ బిగుసుకుపోతున్నాయి. ఎందుకో నివేదికల్లో తేలలేదు. గదిలో కాలు నిలవక, తనే చూద్దామని వచ్చేశాడు.

లారీలో చింతూరు ఆసుపత్రికి మందులున్నాయి. వాటితోపాటు ఒక చలిపెట్టెలో నాలుగు రక్తం ప్యాకెట్లు. డాక్టరమ్మ అప్పటికే రెండుసార్లు ఫోన్ చేసింది.

"కాన్పు కష్టమైందండీ. రక్తం ఆగట్లేదు. గంటలో రాగలరా?"

అతను రేడియోలో తన పాత సహాయకురాలిని పిలిచాడు. "తబస్సుమ్, ఈ బండ్లన్నీ ఏమంటున్నాయి?"

"అన్నీ ఒకటే మాట సార్. నాది ప్రాణాధారం అంటున్నాయి."

"లోపల నిజంగా ఏముందో సరుకు చీటీలు చూడు తల్లీ."

కాసేపటికి ఆమె నవ్వింది. "మీ ముందున్నది ప్లాస్టిక్ కుర్చీలు. దాని ముందు కూల్‌డ్రింకులు. మీకు ఎదురుగా పెళ్లి షామియానాలు సార్!"

"అబద్ధం మనం నేర్పలేదే వీటికి?"

"ఓనర్లు నేర్పుకున్నారు."

వీరభద్రం చెయ్యి దారిమాట ట్రాన్స్‌మీటర్ తీగ మీదికి వెళ్లింది.

"పీకకండి సార్! మాట్లాడని బండి అంటే బ్రేకులు పోయిన బండని లెక్క. మీరు రాసిన నియమమే."

"అలాగే అనుకోనీ."

తీగ ఊడింది. ముందున్న లారీలు బెదిరిన మేకల్లా కొండవైపు ఒదిగాయి. ఎదురుగా ఉన్నవి గబగబా వెనక్కి జరిగాయి. యాభై నిమిషాల్లో రక్తం చేరింది. బాలింత బతికింది. నర్సు అడక్కుండానే గ్లాసుడు టీ తెచ్చి, అతను తాగేదాకా పక్కనే నిలబడింది.

వారం తిరిగేసరికి ఆ ఘాట్‌లో ఒక్క లారీ కూడా మాట్లాడటం లేదు. అతనికి దారి దొరకడం చూసి ఓనర్లందరూ తీగలు పీకించారు. తీగ లేనిదే లారీ తనంతట తాను నడవదు కనుక, వేరే పనుల్లో కుదురుకున్న పాత డ్రైవర్లను వెతికి పట్టుకొచ్చి కూర్చోబెట్టారు.

ఆ ఇరుకులోనే వీరభద్రానికి ఇటుకల లారీ ఎదురైంది. నడుపుతున్నవాడు సోడె లచ్చయ్య, నిన్నటిదాకా రంపచోడవరంలో హోటల్ వంటవాడు. కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఎనక్కి పోనీ బాబాయ్! లోడు బండి, ఎక్కుతున్నా!"

న్యాయమే. ఎక్కే బండికే దారి. వీరభద్రం అద్దంలో చూశాడు. అర కిలోమీటరు వెనక్కి, రెండు మలుపులు. పొద్దుటి నుంచి ఇది నాలుగోసారి. తన లారీలో ఉన్నవి ఆసుపత్రికి ఇనుప మంచాలు. రేపు చేరినా కొంప మునగదు.

"రక్తం తీసుకెళ్తున్నా," అనేశాడు. తన గొంతే తనకు పరాయిగా వినిపించింది.

లచ్చయ్య మరో మాట అడగలేదు. బరువు బండిని అంగుళం అంగుళం వెనక్కి దించాడు. మలుపులో అద్దం బండరాయికి తగిలి పగిలింది. చివరికి జాగా చూసుకుని ఒదిగి, రమ్మని చెయ్యి ఊపాడు.

వీరభద్రం అతని పక్కనుంచి దిగుతుంటే చక్రం గుంతలో పడింది. మంచాలన్నీ గణగణ మోగాయి.

లచ్చయ్య చెయ్యి గాల్లో ఆగింది. పగిలిన అద్దాన్ని చూశాడు. లారీని చూశాడు.

"రక్తం బలే మోగతంది బాబాయ్!" అన్నాడు.

వీరభద్రం బ్రేకు మీద కాలు పెట్టాడు.

"ఆపమాక, పో," అని లచ్చయ్య మళ్లీ చెయ్యి ఊపాడు. "పొద్దున నా నోట ఈ ఇటుకలే ఆక్సిజన్ సిలిండర్లు."