పదకొండున్నర ఫొటో

ల్యాప్‌టాప్ పోయింది.

భవాని పేట్‌లోని స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులో, ఉదయం పదకొండుకూ పదకొండున్నరకూ మధ్య. తాళం పగలలేదు. తాళంచెవి గుమ్మం పైన ఉంటుందని తెలిసింది ముగ్గురు స్టూడెంట్లకే: కోమల్, నిలేష్, స్నేహ.

"ఆ అరగంట మీరెక్కడున్నరు?" పి.ఎస్.ఐ. పూనం మాస్టారిని అడిగింది.

"జిరాక్స్‌కు పోయిన," అన్నాడు వాసుదేవ్ సారు. "పిల్లలు ఇండ్లల్ల హోంవర్క్ చేస్తున్నరు. సింపుల్ ప్రెజెంట్ ఎక్కడ, కంటిన్యువస్ ఎక్కడ అని ఒకటే తికమక పడుతరు మేడం. రోజూ జరిగేది ఒకటి, ఇప్పుడు జరుగుతున్నది ఒకటి. అందుకే పదకొండుకు ఎక్కడుంటే అక్కడ కూసుని, కండ్ల ముందర జరిగేది పది వాక్యాలు రాయమన్న. పదకొండున్నరకు గ్రూప్‌ల ఆ పేజీ ఫొటో పెట్టాలె."

కోమల్ ఫొటో వచ్చింది. ఆమె అరుగు మీద కూర్చుని రాయడం వీధంతా చూసింది. నిలేష్ ఫొటో వచ్చింది. స్నేహది రాలేదు.

"ఎందుకు పంపలె?"

"షేర్ ఆటోల ఉన్న. ఫోన్ ఛార్జింగ్ అయిపోయింది." స్నేహ ఆరిపోయిన ఫోన్ చూపించింది.

ఆటో నంబరు? తెలియదు. చూసినవాళ్లు? లేరు.

స్నేహ కుంభారి కాలనీలో తల్లితో కలిసి బీడీలు చుట్టే పిల్ల. రేపు పొద్దున్నే పుణెలో ఇంటర్వ్యూ. క్లాసు మొత్తానికి ఉన్నది ఒక్కటే అవకాశం. సారు ఆమె పేరే పంపాడు. ఇవాళ ఎఫ్ఐఆర్‌లో పేరెక్కిందంటే ఆ ఉద్యోగానికి నీళ్లు వదులుకోవాల్సిందే.

పూనం ఆమె నోటుబుక్కు తెరిచింది. వంకరటింకర అక్షరాలు, సగం తప్పులు. 'ఎ గోట్ ఈజ్ సిట్టింగ్ ఆన్ మై ఫుట్.'

"మేకనా?"

"ఒక ముసలామె ఆటోల ఎక్కించింది మేడం."

పూనంకు నవ్వొచ్చింది. ఆపుకుంది. నిలేష్ పేజీలో మాత్రం ఒక్క తప్పు లేదు. 'ద లూమ్ ఈజ్ రన్నింగ్. మై ఫాదర్ ఈజ్ వీవింగ్.' పదికి పది.

ఒంటిగంట పది. దాజీ పేట్.

నిలేష్ తండ్రి బాలయ్య పవర్‌లూమ్ మీద టవళ్లు నేస్తున్నాడు. చెవులు చిల్లులు పడే చప్పుడు. కొడుకు గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"కాకా, పదకొండుకు మీవోడు ఎక్కడున్నడు?"

"గీడనే, నా పక్కన కూసుని రాసిండు."

"మీరేం చేస్తున్నరు?"

"నేస్తున్న. ఇంకేం జేస్త?"

జవాబు మరీ తొందరగా వచ్చింది.  పూనం వాచీ చూస్తూ నిలబడింది. ఒక టవల్ దిగడానికి సరిగ్గా పది నిమిషాలు పట్టింది. ఆమె వంగి, మగ్గం కింద చుట్టుకుంటున్న బట్ట అంచును వేలితో తడిమింది. పోలీసు ఉద్యోగం ఆరేళ్లది. మగ్గమంటే మాత్రం ఆమెకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఆమె తండ్రీ నేతగాడే.

వెంటనే స్నేహనూ సారునూ పిలిపించింది.

"కాకా, జర మగ్గం ఆపుండ్రి."

చప్పుడు ఆగింది. పూనం బట్టను చుట్ట నుంచి విప్పింది. ఒకటి, రెండు, మూడు... ఏడో టవల్ మొదట్లో, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, చిన్న చిన్న ముడుల వరుస.

బాలయ్య ముఖం పాలిపోయింది.

"పడుగు చుట్టిన పాత బీమ్ అయిపోతే కొత్త బీమ్ పోగులను ఒక్కొక్కటే ముడివేసి అతుకుతరు, సారూ. ఆ ముడులే ఇవి. వీటి తర్వాత దిగినవి ఏడు టవళ్లు. డెబ్బై నిమిషాలు. ఇప్పుడు ఒకటిన్నర. అంటే నేత మొదలైంది పన్నెండు దాటినంక. అంతకుముందు అతుకులకే రెండు గంటలు కావాలె. కాకా, బరోబరేనా?"

బాలయ్య తల ఊపాడు.

"పదకొండుకు ఈ మగ్గం నడుస్తలేదు. నిలేష్ ఇంట్ల ఉంటే ముడులు వేసుడు రాసేటోడు. రోజూ చూసేదే కదా అని రాత్రే రాసి పెట్టుకున్నడు. ఇంట్ల నుంచి ఎప్పుడు పోయినవ్, నిలేష్?"

నిలేష్ పెదవులు కదిలాయి. "తొమ్మిదికి. వచ్చేసరికి మగ్గం నడుస్తుండె."

"ఎందుకు చేసినవ్?"

"స్నేహ ఫోన్ల ఎప్పుడూ ఛార్జింగ్ ఉండది. నేరం దాని మీదికి పోతే నా పేరు పంపుతరనుకున్న. ఇంగ్లిష్ దానికంటే నాకే మంచిగొస్తది!"

ల్యాప్‌టాప్ నూలు బస్తాలో దొరికింది. స్నేహ గోడకు ఆనుకుని ఏడ్చేసింది. "రేపు లవ్‌కర్ లెవ్వాలె, తెల్లారకముందే," అంది పూనం ఆమె భుజం తట్టి. "ఇంటికి పో."

బాలయ్య మాత్రం కదల్లేదు.

"పన్నెండున్నరకు వచ్చి, ఎవరన్న అడిగితే పొద్దటి సంది ఈడనే ఉన్ననని చెప్పు అన్నడు బిడ్డా. నేను ఇంకేం అడగలె. కొడుకు కదా." నిలేష్ నోటుబుక్కు వైపు చూపించాడు. "నాకు సదువు రాదు. నా గురించి ఏం రాసిండో జర చెప్పు."

పూనంకు మనసు చివుక్కుమంది. ఆ వాక్యం చదివి అర్థం చెప్పింది. "మా నాయిన నేస్తున్నడు."

బాలయ్య ఆగిన మగ్గం వైపు చూశాడు. ముడుల వరుసను అరచేత్తో నిమిరాడు.

"అప్పుడు నీ కోసమే ఈ అతుకులు వేస్తుంటి," అన్నాడు కొడుకుతో. "ఫీజు కట్టాలె కదా అని, బువ్వ గూడ తినకుంట."