యాజులుగారి ఎర్ర స్విచ్

"ప్రాణాలతో పట్టుకో. స్టీఫన్ నోరు విప్పాలి," అన్నాడు చీఫ్ నారాయణమూర్తి, నర్సీపట్నం ట్రావెలర్స్ బంగళాలో.

"యస్ సర్," అన్నాడు ఏజెంట్ భానుమూర్తి. అది పచ్చి అబద్ధం.

అది 1978. ఏడాది కిందట ఇదే ఊళ్లో స్టీఫన్ అనే విదేశీ గూఢచారి ఒక కారు బ్రేక్ పైపు కోశాడు. లంబసింగి ఘాట్ దిగుతూ ఆ కారుతో పాటు లోయలో పడి చనిపోయిన ఇంజనీర్ యాజులు, భానుమూర్తికి సొంత అన్న. బ్రేక్ ఫెయిలైతే దానంతటదే పసిగట్టి, వెనక చక్రాలను రెండో బ్రేకుతో బిగించేసే పెట్టెను కనిపెట్టినవాడు. ఆరోజు ఆ పెట్టె ఇంకా షెడ్డులో బెంచీ మీదే ఉంది. ఇప్పుడు దాన్ని మిలిటరీ టెస్టు కోసం ఒక జీపుకు బిగించి ఘాట్ పైన ఉంచారు. స్టీఫన్ ముఠాకు కావలసింది ఆ జీపే.

ఉదయం తొమ్మిదిన్నర. లారీ క్లీనర్ వేషంలో జీపు పక్కన కూర్చున్న భానుమూర్తి టిఫిన్ క్యారియర్ మూత తీశాడు. పై గిన్నెలో ట్రాన్స్‌మిటర్.

"జీడిపప్పు ఎండిందా?" ఆడగొంతు సంకేతమాట అడిగింది.

"ఎండింది. మూట కట్టు."

డోరా. పుట్టుపేరు దుర్గాంబ, ఊరు మాకవరపాలెం. నల్ల కళ్లద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్‌తో స్టీఫన్ దగ్గర సెక్రటరీగా చేరి, ఆర్నెల్లుగా అతని గుట్టు మనకు చేరవేస్తున్న డబుల్ ఏజెంట్.

"పదింటికి జీపు ఎత్తుకుపోతాడు. ఒక్కడే."

భానుమూర్తికి కావలసిందీ అదే. జీపు కిందికి దూరి బ్రేక్ పైపు సగం కోశాడు. డాష్‌బోర్డు మీది ఎర్ర స్విచ్ నొక్కి అన్న పెట్టెను ఆపేశాడు. అన్న ఎలా పోయాడో వాడూ అలాగే పోవాలి.

పదింటికి రెండో మలుపు దగ్గర బండ చాటు నుంచి బైనాక్యులర్స్‌తో చూశాడు. పక్కన అన్న దగ్గర పనిచేసిన మెకానిక్ అప్పలకొండ. జీపు దిగుతోంది. స్టీరింగ్ దగ్గర స్టీఫన్. పక్క సీట్లో, చేతులు కట్టేసి, డోరా. ఆమె గుట్టు వాడికి తెలిసిపోయింది.

భానుమూర్తి బైనాక్యులర్స్ వదిలేసి లేచాడు. "కొండా, బ్రేక్ పైపు నేనే కోశాను. ఎర్ర స్విచ్ నొక్కి పెట్టె కూడా ఆపేశాను."

"ఏటి బాబూ, ఆ ఎర్రదేనా?" అన్నాడు అప్పలకొండ నింపాదిగా.

వినడానికి భానుమూర్తి అక్కడ లేడు. రోడ్డు మీదికి పరిగెత్తాడు. స్టీఫన్ బ్రేకు తొక్కాడు, మళ్లీ తొక్కాడు. జీపు వేగం పెరిగింది. మలుపు వచ్చేసింది, దాని వెనక లోయ. అప్పుడు వెనక చక్రాలు కీచుమని బిగుసుకుపోయాయి. ముందు చక్రం ఒకటి అంచు దాటి గాలిలో తిరుగుతుండగా జీపు ఆగింది.

భానుమూర్తి డోరాను దింపి, స్టీఫన్ కాలర్ పట్టి బయటికి ఈడ్చాడు. రివాల్వర్ వాడి కణతకు ఆనించాడు.

అప్పలకొండ రొప్పుతూ వచ్చాడు. "ఆ స్విచ్చి ఉత్తిదే బాబూ. స్విచ్చి నేకపోతే డ్రైవర్లు వైర్లు పీకీసి మరీ ఆపేస్తారని, ఊరికే అదొకటి పెట్టినారు అన్నగారు. దానికి వైరే తగిలించనేదు."

భానుమూర్తి రివాల్వర్ దించాడు.

"నువ్వు చంపినవాడే నిన్ను కాపాడాడు," అన్నాడు స్టీఫన్‌తో. "ఉరికంబం ఎక్కేటప్పుడు గుర్తు చేసుకో."

అప్పలకొండ తెచ్చిన టిఫిన్ క్యారియర్‌లోంచి చీఫ్ గొంతు వినిపించింది. "ప్రాణాలతోనేనా?"

"యస్ సర్. చంపుదామనుకున్నాను. మా అన్న ఒప్పుకోలేదు."