ఎండబెట్టిన పాటలు

సముద్రంలో చేపల వేట నిషేధం మొదలై నెల దాటింది. ఫిషింగ్ హార్బరులో బోట్లన్నీ ఒకదాని పక్కన ఒకటి కట్టేసి ఉన్నాయి. తెల్లవారకముందే సముద్రం మీద ఉండాల్సిన దొరబాబు ఆ పొద్దున ఇంటి అరుగు మీద కూర్చుని, అట్ట కవరులోంచి నల్లటి పాటల రికార్డు తీసి వెలుగుకు పెట్టి చూసుకుంటున్నాడు. లోపల భార్య సూర్యకళ గిన్నెలు ఎత్తి పడేస్తోంది. తల్లి గురువమ్మ టీ వడపోస్తూ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది.

సంగతి ఏమిటంటే, వేట లేదు గనక దొరబాబు పాత ఊళ్ళో సామాను మోసే పనికి వెళ్ళాడు. నర్గీస్ బీ అని ఒకావిడ, భర్త పోయాక ఇల్లు ఖాళీ చేస్తోంది. ఆయన ప్రాణంగా చూసుకున్న టర్న్‌టేబుల్, అంటే రికార్డులు తిప్పే మిషను మీద చివరిసారిగా ఒక రికార్డు పెట్టింది. దొరబాబు భుజం మీది బీరువా తలుపు దించడం మరచి, పాట అయ్యేదాకా అలాగే నిలబడిపోయాడు. అది చూసి ఆవిడ, "రికార్డులు తీసుకెళ్ళి ఇంట్లో చూపించు బాబూ. మిషనూ ఇవీ కలిపే అమ్ముతాను. కొంటావో లేదో ఆదివారం చెప్పు," అని నమ్మి చేతిలో పెట్టింది.

"ఆ మిషను కొంటే పెట్టుబడే సూర్యకళా," అన్నాడు దొరబాబు. "బీచ్ రోడ్డు కాఫీ షాపోళ్ళు సాయంత్రాలొచ్చి పాటలెయ్యమంటన్నారు. డబ్బులిత్తారు."

"వాళ్ళు ఇచ్చీదాకా, ఐసు పెట్టెలు కొందామని నాను దాసుకున్న సొమ్ము నీ మిషను మీద గిర్రుగిర్రున తిరగతాది."

"నీ సొమ్మేటి? మన సొమ్ము."

"సేపల బుట్ట ఎక్కినప్పుడు అది నా నెత్తే కదేటి మావా. సొమ్ముకాడికొచ్చీసరికి మనది అయిపోనాదా?"

గురువమ్మకు నవ్వొచ్చింది గానీ మింగేసింది. దొరబాబుకు రాలేదు.

"నీకేటి తెలుసని మాటాడతన్నావ్? నోరు ముయ్."

"మూత్తాను. సొమ్ము పెట్టె తాళం మాత్రం ఇవ్వను. ఆ రికార్డుల్ని నాను సముద్రంలో ఇసిరీకముందే ఇచ్చీసి రా," అని బుట్ట ఎత్తుకుని బజారుకు వెళ్ళిపోయింది. అతనూ చొక్కా తగిలించుకుని హార్బరు వైపు నడిచాడు.

ఇంట్లో గురువమ్మ ఒక్కతే మిగిలింది. రికార్డుల దగ్గర కూర్చుంది. ముక్కిపోయిన వాసన, మీద తెల్లగా బూజు. ఈ నెలలో కొడుకు మొహంలో వెలుగు చూసింది వీటిని తెచ్చిన రోజే. శుభ్రంగా తళతళలాడితే కోడలి మనసూ మారుతుందేమో అనుకుంది. చెమ్మ పట్టినదాన్ని ఏం చెయ్యాలో ఆవిడకు చిన్నప్పటి నుంచీ తెలుసు. కుంకుడు రసంలో ఒక్కొక్కటీ కడిగింది. డాబా మీద, నిషేధం లేని చిన్న తెప్పల నుంచి కొని ఎండేసిన నెత్తళ్ళ చేపల పక్కన, ఒకదానికొకటి తగలకుండా వరసగా పరిచింది. కాసేపయ్యాక రెండో పక్క కూడా ఎండాలని తిప్పింది. కిందికొచ్చి తృప్తిగా నడుం వాల్చింది.

మధ్యాహ్నం సూర్యకళ వచ్చి, ఎండిన చేపలు ఎత్తుదామని డాబా ఎక్కింది. ముప్పై రికార్డులూ ఎండకు అప్పడాల్లా వంకర్లు పోయి ఉన్నాయి. ఒకటి చేతిలోకి తీసుకుని అర్థంకాక చూస్తుంటే, వెనకే దొరబాబు వచ్చాడు.

ఒక్క మాట అడగలేదు. జుట్టు పట్టుకుని చెంప మీద కొట్టాడు. తూలి ఆమె నీళ్ళ తొట్టి అంచు మీద పడింది. నుదురు చిట్లి రక్తం కంట్లోకి కారింది.

"సముద్రంలో ఇసిరీత్తానన్నావు కదే. ఎండలో పెట్టి సంపీసేవా?"

"నాను కాదు మావా, నాకు తెల్దు," అంటుండగానే రెండో దెబ్బ పడింది. చేపల తట్టలు కాలితో తన్నాడు. నెత్తళ్ళు రక్తంలో చెదిరిపడ్డాయి. సూర్యకళ కాకుల్ని తోలే వెదురు కర్ర అందుకుని అతని మణికట్టు మీద ఉన్న బలమంతా పెట్టి కొట్టింది. అతను రెండో చేత్తో ఆ కర్ర లాక్కుని పైకెత్తాడు.

అప్పుడు మెట్ల మీద ఆగి ఉన్న గురువమ్మ పైకి వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది.

"నానురా. నానే కడిగాను, నానే ఎండబెట్టాను. కొట్టు."

ఎత్తిన కర్ర ఆగిపోయింది. "అమ్మా, పక్కకి లెగు."

"ఎందుకు లెగాల? అయి పాడైనందుకే కదా దాన్ని కొట్టావు. పాడుసేసింది నాను. మరి నన్ను కొట్టవేటి? అంటే రికార్డుల కోసం కాదన్నమాట. పొద్దున ఎదురు మాటాడిందని కొట్టావు."

దొరబాబు చెయ్యి దించాడు. కర్ర కింద పడింది.

సూర్యకళ కొంగుతో నుదురు ఒత్తుకుంటూ అత్తగారి వైపు చూసింది. "నువ్వు మెట్ల మీదే ఉన్నావు కదా అత్తా. మొదటి దెబ్బ ఇన్నావా?"

"ఇన్నాను," అంది గురువమ్మ.

మల్కాపురంలోని పుట్టింటికని సూర్యకళ ఆటో ఎక్కింది. పక్కనే గురువమ్మ కూడా చీరల సంచితో ఎక్కింది.

"నువ్వెక్కడికి?"

"నీతోనే. నా మొగుడు నన్ను కొట్టిన రోజుల్లో మా అత్త గుమ్మంలో నిలబడి సూసీది. నాను ఏడుత్తా ఎల్లిపోతంటే ఎనక ఒక్కలూ రాలేదు. ఆవిడిలాగ ఉండకూడదనుకున్నాను. ఇయాల నాను కూడా మెట్టు మీద నిలబడిపోనాను. సప్పుడు ఇనగానే కాళ్ళు కదల్లేదే తల్లీ."

సూర్యకళ కొంచెం పక్కకు జరిగి, ఆవిడ సంచి తన ఒళ్ళో పెట్టుకుంది.

ఆదివారం దొరబాబు వచ్చాడు. మణికట్టు వాచి ఉంది. గుమ్మం దాటకుండా కిందే కూర్చున్నాడు.

"నర్గీస్ బీకి అంతా సెప్పాను. రికార్డుల డబ్బులు సామాను మోసి తీరుత్తానన్నాను. అయి పాడైపోనాయంటే ఆవిడ ఏటీ అన్లేదు. ఎవరు పాడుసేసారని అడిగితే, నిన్ను కొట్టిన సంగతీ సెప్పాను. లేచి తలుపేసీసింది. పెళ్ళాన్ని కొట్టే ఇంటికి మా ఆయన మిషను పంపను అంది."

"మిషను పోనాదని ఏడుత్తన్నావా?"

"కాదు." అతను తలెత్తలేదు. "ఆవిడ తలుపేసీసింది. నాను ఎవల్నో నాకప్పుడు తెలిసింది. తప్పయిపోనాది సూర్యకళా."

ఆమె నుదుటి కట్టు సర్దుకుని, లోపల్నుంచి చూస్తున్న అత్తగారి వైపు తిరిగింది. "ఏటంటావ్ అత్తా?"

"నీతో వచ్చినదాన్ని. నువ్వెప్పుడంటే అప్పుడే ఎల్తాను."

"ఇయాల రాం మావా," అంది సూర్యకళ. "అత్త ఇక్కడ కంటినిండా నిద్దరోతంది. నాలుగు రోజులాగి మళ్ళీ రా. అప్పుడు కూడా ఇలాగే కింద కూకుని మాటాడితే, సూద్దాం."

దొరబాబు తలూపాడు. సూర్యకళ లోపలికెళ్ళి అన్నం పళ్ళెం తెచ్చి అతని ముందు పెట్టింది. అతను వాచిన చేత్తో కలుపుకోలేక అవస్థ పడుతుంటే ఇద్దరూ చూస్తూ ఉన్నారు గానీ, ఎవరూ ముద్ద కలిపి పెట్టలేదు. గురువమ్మ మాత్రం కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుని, చప్పుడు రాకుండా ఏడ్చింది.