మీదే ఊరు

అశోక్‌నగర్‌లో ఆ సందు చివరి ఇంటికి ఎప్పట్నుంచో చెడ్డపేరు. లోపల దయ్యముందట. ఈ మధ్య అది ఊపిరి కూడా పీలుస్తోందట... కోచింగ్ పిల్లలు సైతం — చోటు దొరికితే మెట్ల కింద పడుకుని చదివేవాళ్లు — ఆ ఇల్లు మాత్రం వద్దన్నారు.

ఇల్లు కమలాకుమారిది. ఆవిడకి దయ్యాలంటే భయం లేదు, అద్దెకు పోని ఇల్లంటేనే భయం. నెల కిందట తన్మయి అనే అమ్మాయి వచ్చి, "ఆంటీ, ఇన్‌స్టలేషన్ పెట్టుకుంట" అంటే, వాటర్ ఫిల్టరో సోలారో అనుకుని తాళం చెవి ఇచ్చేసింది. అడిగితే తనకు తెలీదని తెలిసిపోతుంది కదా!

ఆ సాయంత్రం, చీకటి పడుతుండగా, కవాడిగూడ నుంచి కిషన్ రావు, విద్యావతి దంపతులు ఇల్లు చూడ్డానికొచ్చి గేటు దగ్గరే ఆగిపోయారు.

"లోపల ఏమో ఉందంటున్నరు గదమ్మా," అన్నాడాయన.

"ఉన్నాయి, బొద్దింకలు. నేను లైటు వేస్తా, రండి."

వీళ్లు కూడా వెనక్కి పోతే ఇక ఎవరూ రారని ఆవిడకి తెలుసు.

స్విచ్ నొక్కింది. వెలగలేదు.

అడుగేసింది. పాదం మెత్తగా దిగింది... మట్టి. గచ్చు మీద — తడి మట్టి!

మొహానికి చీర తగిలింది. ఆ చీరలో మనిషి లేదు.

గోడ ఊపిరి పీల్చింది... వదిలింది... గుండె దడదడా కొట్టుకోవడం కూడా వినిపించింది. అది మాత్రం తనదే.

అప్పుడు, చెవి పక్కనే, గుసగుసగా —

"మీదే ఊరు..."

కమలాకుమారి పుట్టింది నారాయణగూడ, పెరిగింది చిక్కడపల్లి. తను నోరు తెరిస్తే చాలు, యాస విని మీదే ఊరని అడిగేవాళ్లకి "ఈ ఊరే" అని కొట్టినట్టు చెప్పడం చిన్నప్పట్నుంచీ అలవాటు. బతికున్నవాళ్లు సరే... దయ్యం కూడానా?

"మీదే ఊరు..."

"రేపల్లె అండీ! రేపల్లె దగ్గర! మా తాతగారు యాభయ్యారులో వచ్చారండీ! మేం ఎవరిదీ ఏమీ తీసుకోలేదండీ!"

టార్చి వెలిగింది. వెనక తన్మయి, మోచేతుల దాకా మట్టి.

"ఆంటీ! బల్బులు తీసేసిన, చెప్పొస్తే బాగుండు గదా. ఎందుకట్ల ఒర్లుతున్నరు?"

"అది... మా ఊరేదని అడిగింది!"

"అడగలే ఆంటీ. చెప్పింది." తన్మయి గోడకున్న స్పీకరు చూపించింది. "ఇన్‌స్టలేషన్ అంటే ఇదే ఆంటీ, ఊర్లు ఇడిసొచ్చినోళ్ల గురించి చేసిన బొమ్మ. మట్టి, చీరలు, ఊపిరి — దీంట్ల నడుస్తుంటే ఒంటికే తెలవాలె. ఆఖరికి గోడ అంటది, ఈ ఊరు మీదేనని. మీదే ఊరు."

కమలాకుమారి చీలమండల దాకా దిగిన కాళ్లని మట్టిలోంచి పైకి లాక్కుంది.

గుమ్మంలో కిషన్ రావు పడిపడి నవ్వుతున్నాడు. "దయ్యానికి గూడ అండీ అంటిరి! ఇసుంటి ఓనరు దొరుకుతదా? మాకు ఇల్లు ఖాయం జెయ్యుండ్రి."

విద్యావతి మాత్రం ఆప్యాయంగా దగ్గరికొచ్చింది. "రేపల్లె దగ్గరంటే... మీదే ఊరమ్మా?"

కమలాకుమారి నోరు తెరిచేలోపే గోడ అందుకుంది.

"మీదే ఊరు..."

"విన్నారుగా," అంది కమలాకుమారి, కాళ్ల మట్టి విదిలించుకుంటూ.