కుండీలతో సహా

"కారా ఇది, పొలమా?" అంది ఆమె, మెకానిక్ షెడ్డు ముందాగిన కారు వెనక తలుపు తీస్తూనే.

లోపలంతా మట్టి. మొక్కలమ్మే అబ్బాయి కారు ముందువైపు చూపించాడు.

"హెడ్‌లైట్లు కళ్లలో కొడుతున్నాయని ఎదురొచ్చేవాళ్లు తిడుతున్నారండీ. కాస్త కిందికి దించాలి."

"దించుతాను. ముందు అదంతా దులిపించుకుని రండి. నా షెడ్డులో నాట్లు వేయక్కర్లేదు."

సాయంత్రానికి తళతళలాడే కారుతో వచ్చాడు. ఆమె షట్టరు దించి చీకటి చేసింది. గోడ మీద వెలుగు పడాల్సిన ఎత్తులో గీత గీసింది. మనిషి బరువు లేకుండా లెక్క కుదరదని అతన్ని స్టీరింగు ముందు కూర్చోబెట్టి, స్క్రూ తిప్పింది. వెలుగు బుద్ధిగా గీత మీదికి దిగింది. అతని చూపు మాత్రం గోడ మీద లేదు.

"చూడాల్సింది అటు."

"అటే చూస్తున్నానండీ."

"అబద్ధం కూడా కడిగి తెచ్చినట్టున్నారు."

వారం తిరక్కుండా మళ్లీ వచ్చాడు. తిట్లు ఆగలేదట. చూస్తే వెలుగు గీత మీదే ఉంది. అయినా ఇంకో పావు చుట్టు తిప్పి పంపింది.

మూడోసారి వచ్చేసరికి ఆమె ముఖం పాలిపోయింది. లైట్ల పని నాన్న ఆమెకు అప్పగించి నెలే అయింది. ఒకే బండి అదే పని మీద మూడుసార్లు వస్తే తిరిగి తీసుకుంటానన్నది షరతు.

నాన్న చెయ్యి చాపాడు. "స్క్రూడ్రైవరు ఇటియ్యమ్మా."

ఇచ్చేసింది. మొక్కల అబ్బాయి వైపు తిరిగింది. "నా మీద ఏం పగండీ మీకు?"

"పగా? మీ కోసం ముప్పై కుండీలు దించి, కారు కడుక్కుని వస్తున్నాను. ప్రతిసారీ."

"కుండీలా?"

"వెనక సీటు మడిచి పేరుస్తాను. మట్టి తేవద్దన్నది మీరేగా."

ఆమె తల పట్టుకుంది. "అంత బరువు వెనక ఉంటే ముందు ముక్కు పైకి లేవదూ? నేనేమో ఖాళీ కారుకి సరిచేస్తున్నాను. రోజూ ఏం మోస్తారో అడగాల్సింది. తప్పు నాదే, నాన్నా."

"ఒప్పుకున్నావు కాబట్టి ఇంకోసారి చూడు," అంటూ నాన్న స్క్రూడ్రైవరు ఆమె చేతిలో పెట్టాడు.

అతను వెళ్లి కుండీలు నింపుకొచ్చాడు. షెడ్డంతా మట్టి రాలింది. ఆమె ఆ మట్టి తొక్కుకుంటూనే వెళ్లి షట్టరు దించింది. వెలుగు గీతకు జానెడు పైన నిలబడింది. ఆమె నవ్వుతూ దించింది.

"ఇంకా ఏమైనా బరువు దాచారా?"

"లేదండీ. పక్క సీటు ఖాళీ." గొంతు సవరించుకున్నాడు. "రేపు మీరు కూర్చుంటానంటే మళ్లీ సరిచేయాలా?"

ఆమె నాన్న వైపు చూసింది. నాన్న కళ్లద్దాలు తుడుచుకుంటూ, "సరిచూడాలి మరి. కూర్చునేది నువ్వు, నీ ఇష్టం," అన్నాడు.

ఆమె స్క్రూడ్రైవరు తానే నాన్న చేతిలో పెట్టి, తలుపు తీసి పక్క సీట్లో కూర్చుంది.

"గీత చూడు నాన్నా."

"అంతా సరిగ్గానే ఉందమ్మా," అన్నాడు నాన్న, గోడ వైపు చూడకుండానే.