పద్నాలుగో నంబరు కుర్రవాడి ఇల్లు

ఆ ఆదివారం ఉదయం ఎనిమిదింటిలోగా నోరీన్ చేయవలసిన పనులు చాలా ఉన్నాయి. వాకిలి మెట్ల మీది మంచు గీకి ఉప్పు చల్లాలి. రెండు డజన్ల చిన్న రొట్టెలకు పిండి కలపాలి. సాసేజ్ వేయించి, పాలు పోసి, గ్రేవీ చిక్కబరచాలి. భోజనాల బల్లకు నేలమాళిగలోంచి ఇంకో రెండు కుర్చీలు తేవాలి. చర్చికి గార్లండ్ వేసుకునే చొక్కా ఇస్త్రీ చేయాలి. అన్నిటికంటే ముఖ్యంగా, కొడుకు మేడ మీద పడుకుని ఉన్నాడన్న సంగతి మొగుడికి తెలియకుండా చూసుకోవాలి.

ఈ చివరి పని తెల్లవారుజామున ఐదున్నరకు వచ్చి చేరింది. ఆమె దీపం వేసేసరికి కార్బిన్ వంటింట్లో కోటు కూడా విప్పకుండా కూర్చుని ఉన్నాడు. కాలేజీ నుంచి నలభై మైళ్ళు ఆ చీకట్లో, ఆ మంచులో నడుపుకుంటూ వచ్చాడు. కారు వెనక సందులో పెట్టాడు. ఏమైందని అడిగితే ఏమీ లేదన్నాడు. ఏమైనా తింటావా అంటే వద్దన్నాడు.

"నాన్నకి చెప్పకమ్మా. వాళ్ళందరూ వచ్చి వెళ్ళిపోయాక నేనే దిగొచ్చి మాట్లాడతాను" అని మాత్రం అని, బూట్లు చేత్తో పట్టుకుని మేడెక్కిపోయాడు.

కార్బిన్‌కు ఇరవై ఒక్కేళ్ళు. వెల్డన్ కాలేజీలో మూడో ఏడు చదువుతున్నాడు. ఆ కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో అతనిది పద్నాలుగో నంబరు. హోస్టెట్లర్ అనే ఆ కుటుంబంలో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు అతనే. గార్లండ్ ఇరవై ఆరేళ్ళుగా ధాన్యం గిడ్డంగిలో తూకం దగ్గర పనిచేస్తున్నాడు. తను ఏ కాలేజీలోనూ చదవలేదు కానీ, వెల్డన్ జట్టు సొంత మైదానంలో ఆడిన ఆట ఒక్కటి కూడా వదల్లేదు. కొడుకు పుట్టకముందు నుంచీ ఆ ఇంట్లో శనివారం ఆట, ఆదివారం పొద్దున చర్చికి ముందు ఆ ఆట మీద చర్చ. స్నేహితులు వస్తారు, తింటారు, జట్టును ఉతికి ఆరేస్తారు. కార్బిన్ చిన్నప్పుడు ఆ బల్ల కింద బొమ్మకార్లు నడుపుకుంటూ వాళ్ళ మాటలు వింటూనే పెరిగాడు.

కార్బిన్‌ను జట్టులోకి తీసుకున్న ఏడాదే గార్లండ్ ఒక నియమం పెట్టాడు. ఈ బల్ల దగ్గర వాడి పేరు ఎవరూ ఎత్తకూడదు. మెచ్చుకున్నా తిట్టినా 'పద్నాలుగు' అనాలంతే. తండ్రి ముఖం చూసి ఎవరూ మొహమాటపడకూడదని అతని ఉద్దేశం. తనకు పక్షపాతం లేదని చూపించడానికి పద్నాలుగు మీద మొదటి దెబ్బ ఎప్పుడూ తనే వేసేవాడు. నోరీన్‌కు అది నచ్చేది కాదు. అయినా ఆటే కదా అనుకుని, కాఫీ పోస్తూ ఊరుకునేది.

ఎనిమిదయ్యేసరికి ముగ్గురూ వచ్చారు. లైల్ క్రౌచ్ పోస్ట్‌మాన్‌గా రిటైరైన డెబ్బై ఏళ్ళ మనిషి. రోడా పశువుల దాణా దుకాణం నడుపుతుంది. వెర్న్ బడి బస్సు డ్రైవరు, గార్లండ్‌తో ఒకటో తరగతి నుంచీ కలిసి చదివినవాడు. మామూలుగా మెట్లెక్కుతూనే మొదలుపెట్టేవాళ్ళు ఆ రోజు చేతులు రుద్దుకుంటూ చలి గురించి మాట్లాడారు. నిన్న హాల్‌స్టెడ్ జట్టు చేతిలో వెల్డన్ ఒక్క పాయింటుతో ఓడిపోయింది. సగం ఆటకు పదకొండు పాయింట్లు ముందుండి ఓడిపోయింది.

గ్రేవీ బల్ల మీదికి వచ్చాక నోళ్ళు తెరుచుకున్నాయి. రెండో సగంలో మన పొడుగువాళ్ళు రింగుకు తగిలి తిరిగొచ్చే బంతికి ఎగరడమే మానేశారంది రోడా.

"నా దుకాణంలో దాణా బస్తాలు గుర్తొచ్చాయి. బస్తాలే నయం, తోస్తే కదులుతాయి."

కోచ్ మీద వెర్న్‌కు ఎప్పటినుంచో కోపం. ఆట చేజారిపోతుంటే రెండు టైమౌట్లు జేబులో దాచుకుని ఏం చేసుకుంటాడని, కూతురి పెళ్ళికి పట్టుకెళ్తాడా అని అడిగాడు. లైల్ మాత్రం కాగితం మీద పెన్సిలుతో లెక్కలు వేశాడు. పదమూడు గెలుపులు, తొమ్మిది ఓటములు. ఇంకా ఆరు ఆటలున్నాయి. అందులో నాలుగు గెలిస్తే పన్నెండు జట్లలో మొదటి నాలుగులో ఉంటాం, మార్చి టోర్నమెంటులో మొదటి రౌండు ఆడక్కర్లేదు. మూడే గెలిస్తే బయటి ఊళ్ళో, గట్టి జట్టు మీద మొదలుపెట్టాలి. బుధవారం ఆట పోతే ఇక ఆశ వదులుకోవచ్చన్నాడు. కాదని రోడా, ఔనని వెర్న్ కాసేపు వాదించుకున్నారు.

అనాల్సిన మాట ఒకటి మిగిలిపోయిందని అందరికీ తెలుసు. వెర్న్ రొట్టెను అవసరమైనదానికంటే ఎక్కువసేపు గ్రేవీలో తిప్పాడు. వాతావరణం మీదికి మాట మళ్ళించాలని నోరీన్ చూసింది. సాయంత్రానికి మళ్ళీ మంచు పడుతుందట అంది.

"పద్నాలుగు సంగతి ఎవరూ ఎత్తరేం?" అన్నాడు గార్లండ్.

"పోనీలేరా, రాత్రంతా అదేగా అనుకున్నాం" అన్నాడు వెర్న్.

"నేనంటాను వినండి. ఆరు సెకన్లు మిగిలున్నాయి. రెండు ఫ్రీ త్రోలు. ఎదుట అడ్డొచ్చేవాడు లేడు, మీద పడేవాడు లేడు. ఒక్కటి పడితే సమానం, రెండూ పడితే గెలుపు. రెండూ పోయాయి. నేనే కోచ్‌నైతే బుధవారం వాణ్ణి బెంచీ మీద కూర్చోబెడతాను. మార్చి దాకా పోదామనుకునే జట్టుకు అలాంటి చెయ్యి పనికిరాదు."

ఆ మాటలు అంటున్నప్పుడు అతని గొంతులో కోపం లేదు. తూకం రాయి పెట్టినట్టు ఒక్కొక్క మాటా పెట్టాడు. నోరీన్ అతన్ని ఆపాలని కాఫీ కూజా కింద పెట్టింది. అప్పటికే మేడమెట్లు కిర్రుమన్నాయి.

కార్బిన్ ఒట్టి మేజోళ్ళతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ముఖం కడుక్కోలేదు. కళ్ళు వాచి ఉన్నాయి.

"బుధవారం దాకా కోచ్‌కెందుకు శ్రమ నాన్నా. నేనే మానేస్తున్నాను. అది చెబుదామనే వచ్చాను."

గార్లండ్ కుర్చీలోంచి సగం లేచి ఆగిపోయాడు. ముందు భార్య వైపు చూశాడు. వీడు ఇంట్లో ఉన్నాడని నీకు తెలుసా అని ఆ చూపు అడిగింది. తెలుసని ఆమె తల ఆడించింది.

"నువ్వున్నావని నాకు తెలీదురా."

"తెలిస్తే వేరేలా మాట్లాడేవాడివా?"

గార్లండ్ అబద్ధమాడడం చేతకాని మనిషి. లేదన్నాడు. తర్వాత, ఎవరూ అడక్కుండానే, మూడేళ్ళుగా భార్యకు కూడా చెప్పని మాట చెప్పాడు.

"నేను ముందు అనేస్తే వీళ్ళిక అనరు. అందరికంటే గట్టిగా నేనంటే, మిగతావాళ్ళు పోనీలే అంటారు. విన్నావుగా, ఇప్పుడు వెర్న్ అన్నాడా లేదా? నీ మీద పడే రాళ్ళు తగ్గించాలనే నేను..."

"ఊళ్ళోవాళ్ళ రాళ్ళు నాకు తగలవు నాన్నా. లైను దగ్గర నిలబడితే ఐదువేలమంది అరిచినా నాకు వినపడదు. ఈ బల్లే వినపడుతుంది. నిన్న బంతి పట్టుకుని నిలబడితే, రేపు పొద్దున నువ్వేమంటావో మాటతో సహా వినపడింది. ఇప్పుడు దాదాపు అదే అన్నావు."

రోడా కోటు కోసం లేచింది. కార్బిన్ ఆమెను కూర్చోమన్నాడు. మీ తప్పేం లేదన్నాడు. తర్వాత తండ్రినే చూస్తూ, ఈ ఏడు తన ఫ్రీ త్రోల లెక్క ఎంతో చెప్పమన్నాడు.

"మొన్నటికి నూటికి డెబ్బై ఒకటి. నిన్నటితో అరవై తొమ్మిది" అన్నాడు గార్లండ్, తడుముకోకుండా.

"నేనేం చదువుతున్నాను?"

గార్లండ్ నోరు తెరిచాడు. సైన్సు అన్నాడు. ఏ సైన్సని కొడుకు అడగలేదు. ఎదురుచూశాడంతే. గార్లండ్ మెడ కింది నుంచి చెవుల దాకా ఎర్రబడింది.

"నేలలు" అన్నాడు లైల్, పళ్ళెం మీంచి తలెత్తకుండా. "మట్టి గురించి. అక్టోబరులో ఆట అయ్యాక కార్ల దగ్గర అడిగితే చెప్పాడు."

అలా చెప్పినందుకు తర్వాత లైల్ చాలా రోజులు బాధపడ్డాడు. పరాయివాడు చెప్పడం కంటే ఎవరికీ తెలియకపోవడమే ఆ తండ్రికి నయంగా ఉండేదేమో. ముగ్గురూ లేచి, తిన్న పళ్ళేలు తామే తొట్టిలో పెట్టి, మెల్లగా వెళ్ళిపోయారు. కార్బిన్ సంచీ తెచ్చుకోవడానికి మేడెక్కాడు.

గార్లండ్ బల్ల దగ్గరే ఉండిపోయాడు. నోరీన్ అతని ఎదురుగా కూర్చుంది. తిట్టాలనుకుంది కానీ, నోటికి వచ్చిన మాట తన గురించే.

"మూడేళ్ళుగా ఈ మాటలన్నీ వింటూ నేను రొట్టెలు వడ్డించాను గార్లండ్. ఒక్కసారైనా చాలు ఆపమనలేదు. వాడు రేపు ఇంటికి రావడం మానేస్తే అందులో నా వంతు కూడా ఉంటుంది."

గార్లండ్ లేచి ట్రక్కు తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, వాడి కారు వెనకే రమ్మన్నాడు. కోటు తొడుక్కుని వెనక సందులోకి వెళ్ళాడు. కార్బిన్ సంచీతో దిగి వచ్చేసరికి అతని కారు అద్దాల మీది మంచంతా గీకేసి ఉంది. తండ్రి లోపల డ్రైవరు పక్క సీట్లో బెల్టు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

ఎక్కడికని కార్బిన్ అడిగాడు.

"నీతో కాలేజీ దాకా. మీ అమ్మ వెనక ట్రక్కులో వచ్చి నన్ను తీసుకొస్తుంది. దారి పొడుగునా నేను నోరెత్తను. ఆ నేలల గురించి చెప్పు."

"నీకు విసుగొస్తుంది."

"రానీ."

ఆ రోజు ఆ ఇంటివాళ్ళెవరూ చర్చికి వెళ్ళలేదు. నోరీన్ పొయ్యి ఆర్పి ట్రక్కు తీసి, వాళ్ళ వెనకే వెళ్ళింది. రెండు పక్కలా కోసేసిన మొక్కజొన్న చేలు, వాటి మీద మంచు. పదిహేను మైళ్ళు పోయాక ముందు కారు ఉన్నట్టుండి పక్కకు తిరిగి ఆగింది. నోరీన్ బ్రేకు తొక్కింది. మళ్ళీ గొడవ పడ్డారనుకుంది. తండ్రినక్కడే దింపేస్తున్నాడనుకుంది.

ఇద్దరూ దిగారు. రోడ్డు వెడల్పు చేయడానికి నిరుడు గట్టును నిలువుగా కోసిన చోటు అది. కార్బిన్ ఒక పుల్ల తీసుకుని ఆ కోత మీద పైనుంచి కిందికి గీతలు గీస్తూ ఏదో చెబుతున్నాడు. పైన నల్లమట్టి, దాని కింద గోధుమరంగు, ఇంకా కింద బూడిదరంగు. అద్దంలోంచి ఆమెకు రంగులు కనిపిస్తున్నాయి కానీ మాటలు వినిపించడం లేదు. గార్లండ్ చేతితొడుగు తీసేసి, గడ్డకట్టిన మట్టిని గోటితో గీకి, నలిపి చూశాడు. ఏదో అడిగాడు. కార్బిన్ ఇంకా కిందికి వంగి చూపించాడు. చెవులు ఎర్రబడేదాకా ఇద్దరూ ఆ చలిలో అలాగే ఉన్నారు. ఇరవై ఆరేళ్ళు ఈ నేల పండించిన గింజలు తూచిన మనిషి, వాటి కింద ఏముందో మొదటిసారి వింటున్నాడు. చివరికి గార్లండ్ మట్టి అంటిన చేతినే కొడుకు మెడ మీద వేసి దగ్గరికి లాక్కున్నాడు. మొగుడి భుజాలు ఏడుపుతో కదలడం చూసి నోరీన్ స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చింది.

తను మాటిచ్చిన తోటి ఆటగాళ్ళను మధ్యలో వదిలేయలేనని, ఈ ఏడు చివరిదాకా ఆడతానని, ఆ తర్వాత మానేసి చదువు పూర్తిచేస్తానని కార్బిన్ సోమవారం ఫోన్ చేసి చెప్పాడు. ఆట మానేస్తే కాలేజీ ఇచ్చే ఫీజు రాయితీ పోతుంది. ఆ సంగతి తను చూసుకుంటానన్నాడు గార్లండ్. నిజంగా ఎలా చూసుకోవాలో అతనికింకా తెలియదు. ఆదివారం బల్ల దగ్గరికి మాత్రం ఇక ఎవరినీ పిలవనన్నాడు. పిలువు, వాళ్ళకు మాత్రం ఇంకెవరున్నారు అంది నోరీన్. దాని మీద ఇద్దరికీ ఇంకా మాట కుదరలేదు.

బుధవారం ఆటకు భార్యాభర్తలిద్దరూ వెళ్ళారు. కార్బిన్ తొమ్మిది నిమిషాలు ఆడాడు, రెండు పాయింట్లు తెచ్చాడు. ఇంకా తొమ్మిది సెకన్లుందనగా, వెల్డన్ ఒక్క పాయింటు ముందుండగా, ఎదుటి జట్టు కుర్రవాడొకడు తొందరలో తనవాళ్ళెవరూ లేనివైపు బంతి విసిరేశాడు. అది నేరుగా వెళ్ళి జనం ఒళ్ళో పడింది. దాంతో బంతి వెల్డన్‌ది అయింది, గెలుపు ఖాయమైంది. ఐదువేలమంది లేచి గంతులేశారు. వెనక వరసలో వెర్న్ ఆ కుర్రవాడి కళ్ళ గురించి ఏదో జోకు వేశాడు.

గార్లండ్ లేవలేదు. అవతలి మూలన బయటివాళ్ళకు కేటాయించిన నాలుగు వరసల వైపే చూస్తున్నాడు. అక్కడ ఆకుపచ్చ కోటు వేసుకున్న ఒక ఆడమనిషి కూర్చునే ఉంది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, ఎగురుతున్న జనం మధ్యలోంచి, ఆ బంతి విసిరిన తన కొడుకు ఎక్కడున్నాడో వెతుకుతోంది.

ఆట ముగిశాక గార్లండ్ జనాన్ని తప్పించుకుంటూ మైదానం చుట్టూ తిరిగి ఆమె దగ్గరికి వెళ్ళాడు. టోపీ తీశాడు. మా వాడు కూడా ఆడతాడని చెప్పాడు. ఆమె తల ఊపింది. ఇద్దరూ పేర్లు చెప్పుకోలేదు.

మీరు కూడా ఏదో ఒక జట్టు కోసం గొంతు పోయేలా అరిచేవాళ్ళే కావచ్చు. మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ, ఓడించినవాడెవడో తేల్చేవాళ్ళే కావచ్చు. తేల్చండి, తప్పులేదు. కానీ ఆ కుర్రవాడి మీద మొదటి మాట అనేముందు, పేరు తెలియని ఆ ఆకుపచ్చ కోటు ఆవిడను ఒక్కసారి గుర్తు చేసుకోండి.